ఎదుటివారు అవుననేదాకా

"మళ్ళీ వెన్నలో జామ్ కలిపేశారా మామయ్యా?" లోర్నా గిన్నె ఎత్తి చూపించింది.

"కత్తి ఒకటేగా ఉంది," అన్నాడు క్లెమ్.

"సొరుగులో పన్నెండున్నాయి."

"సొరుగు దాకా లేచి వెళ్ళాలిగా! ఎనభై మూడేళ్ళవాణ్ణి."

"కారెక్కడానికి మాత్రం ఆ వయసు అడ్డురాదు!"

అన్నాక లోర్నా నాలుక్కరుచుకుంది. క్లెమ్ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసి లేచిపోయాడు.

పోయిన నెల స్కూలు దగ్గర ఆయన కారు కాలిబాట ఎక్కింది. బ్యాగు తగిలించుకున్న ఓ పిల్ల వెనక్కి దూకబట్టి సరిపోయింది. తండ్రి లైసెన్సు రద్దు చేయమని లోర్నా భర్త గ్రెగ్ ఆయనకు తెలియకుండా అధికారులకు ఉత్తరం రాసి, ఆమెను కూడా సంతకం పెట్టమన్నాడు. నాలుగు రోజులుగా లోర్నా పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం మామా కోడళ్ళిద్దరూ ఎప్పటిలాగే ఊరి హాల్లో తత్వశాస్త్రం చదువుకునే బృందానికి వెళ్ళారు. దాన్ని నడిపేది రిటైరైన టీచరు మావిస్. అక్కడ నియమం ఒక్కటే: ఎదుటివారి వాదన వాళ్ళు "అవును, అదే" అనేదాకా మన మాటల్లో చెప్పాలి, ఆ తర్వాతే జవాబివ్వాలి. ఆ వారం చదవాల్సిన పేజీలో ప్రశ్న చూడగానే లోర్నాకు గ్రెగ్ ఉత్తరం గుర్తొచ్చింది. మనిషి మంచి కోసమని అతని ఇష్టానికి విరుద్ధంగా నిర్ణయించవచ్చా?

"కూడదు," అన్నాడు క్లెమ్.

"అతనికి ప్రమాదం కనబడకపోతేనో?" అంది లోర్నా.

"ముందు ఆయన మాట చెప్పమ్మా," అంది మావిస్.

"ఆయనకు స్వేచ్ఛ కావాలి."

"కాదు."

"ముసలితనంలో అవమానం..."

"కాదు. అది నీ జాలి."

"ఇంతకీ ఇది కారు గోలేనా?" అన్నాడు బృందంలోని ఆపిల్ తోటల బేసిల్.

లోర్నా మామయ్య వైపు తిరిగింది. "వదులుకోవాల్సి వస్తే మీ చేత్తో మీరే వదులుకోవాలి. ఇంకొకరు లాక్కుంటే మీరు చేయడానికేమీ మిగలదు."

క్లెమ్ తలూపాడు. "అవును, అదే."

"ఇక మీ వంతు, క్లెమ్," అంది మావిస్.

"నేను చచ్చిపోతానని దాని భయం."

"కాదు మామయ్యా."

"పరువు పోతుందని."

"కాదు."

క్లెమ్ గొంతు తగ్గింది. "ఆ పిల్ల పోయి నేను బతికుంటే, రోజూ నా మొహం చూస్తూ నాకు టీ పెట్టివ్వాల్సింది నువ్వు."

"అవును," అంది లోర్నా. "అదే."

తిరుగు ప్రయాణంలోనూ ఆయనే నడిపాడు. స్కూలు మలుపులో లోర్నా కాలు తన ముందు లేని బ్రేకును తొక్కింది.

రాత్రి భోజనాల దగ్గర గ్రెగ్ మాంసం కోస్తూ గొణిగాడు. "సంతకం సంగతేంటి?"

"పెట్టలేదు. ఆ ఉత్తరమేదో ఆయన ముందే చదువు," అంది లోర్నా.

గ్రెగ్ చెవులు ఎర్రబడ్డాయి. "నాన్నా, అదీ..."

"చదవక్కర్లేదురా, అర్థమైంది." క్లెమ్ ఫోర్కు కింద పెట్టాడు. "సోమవారం నేనే ఫోన్ చేసి డ్రైవింగ్ పరీక్ష పెట్టమంటాను. తప్పితే ఆ రోజే మానేస్తా."

"నెగ్గితే?" అన్నాడు గ్రెగ్.

"నెగ్గినా స్కూలు వదిలే వేళకు బండి తీయను. పరీక్షయ్యేదాకా లోర్నాయే నడుపుతుంది."