అటుపక్క ఊడిపోయిన 'వద్దు'

నేను ఒక వినైల్ రేకును. పల్చటి ప్లాస్టిక్ పొర, వెనక జిగురు, ఆ వెనక నున్నటి కాగితం, అంతే నా ఆస్తి. మన ఊళ్లలో నన్ను రేడియం అంటారు. రేడియానికీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. మొదట ఎవరో అన్నారు, తర్వాత అందరూ అనేశారు. ఒక యాసిడ్ ట్యాంకరు ఎడమ పక్కన "నీళ్లు పోయవద్దు" అనే ఎర్రటి అక్షరాలుగా బతుకుతున్నాను. బతుకుతున్నాను అన్నానే గానీ, నిజానికి మొదటినుంచీ భయపడుతూనే ఉన్నాను.

పుట్టినప్పుడు నేను చిక్కటి ద్రవాన్ని. నన్ను కాగితం మీద పల్చగా పోసి వేడిలో మెల్లగా ఆరబెట్టారు. ఎవరూ లాగలేదు, నొక్కలేదు. అందుకే ఏ వంపు మీద పరిస్తే ఆ వంపుకు ఒదిగిపోతాను. నాలాంటిదాన్ని కాస్ట్ వినైల్ అంటారు. ఇంకో రకం ఉంది. దాన్ని వేడి రోలర్ల మధ్య నలిపి, సాగదీసి చేస్తారు. చదునైన గోడకూ దుకాణం అద్దానికీ అది బాగానే పనికొస్తుంది. కానీ ఎండ తగిలితే చాలు, తనను సాగదీసిన సంగతి దానికి గుర్తొస్తుంది. మళ్లీ పాత కొలతకు ముడుచుకుపోవాలని చూస్తుంది.

అనకాపల్లి బస్టాండు పక్క సందులో నూకరత్నం రేడియం షాపుకు నేను చేరాను. ఆవిడకు నలభై అయిదేళ్లుంటాయి. వినైల్ రోలు అంచును బొటనవేలితో రాసి చూసి, కళ్లజోడు లేకుండానే ఏ రకమో చెప్పేస్తుంది. అప్పటికే నాలో చాలా భాగం కార్ల బానెట్ల మీదికీ, హెల్మెట్ల మీదికీ వెళ్లిపోయింది. మిగిలిన ముక్కగా అరలో ఉన్నాను.

ఒక ఉదయం ట్యాంకరు యజమాని సత్యారావు, అతని డ్రైవరు ఎర్రినాయుడు వచ్చారు.

"రెండేపులా రాయాలమ్మా. సాయంత్రం లోడుంది. ఈ అక్షరాలు లేకపోతే ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు," అన్నాడు సత్యారావు.

"మంచి రోలు ఒక పక్కకే సరిపోద్ది బాబూ. ఇంకోటి వైజాగు నుంచి రావాల. నాలుగు రోజులు ఆగండి."

"ఆ మూల ఎర్రది ఉన్నాది కదా?"

"అది అద్దాలకి. గుండ్రటి తొట్టి, రివెట్లు, ఈ ఎండలు... నిలబడదు."

"అక్షరాలు సూసేదెవరమ్మా? గేటు దాటితే సాలు. ఎక్కించీ."

నూకరత్నం చాలాసేపు ఆ రోలునే చూసింది. వద్దంటుందని నేను ఎదురుచూశాను. అక్షరాలు కోసే మెషిన్లో నన్ను కోశాక అందులోకే ఆ రోలు కూడా ఎక్కించింది.

కత్తి మొన నా ఒంటి మీద నడిచినప్పుడు మొదటిసారి వణికాను. తర్వాత ఆవిడ పట్టకారుతో అక్షరాల చుట్టూ అక్కర్లేని భాగాన్ని ఏరేసింది. తొట్టి మీద పరిచి, రివెట్ల దగ్గర వేడిగాలి కొట్టి, గుడ్డతో అద్దింది. ఎర్రినాయుడు రెండో కొస పట్టుకున్నాడు. నేను అంటుకుపోయాను. తొట్టికి అటుపక్క రెండో రేకు కూడా అంటుకుంది. దాన్ని నేను మళ్లీ చూడలేదు. చూసే దారి లేదు.

పది నెలలు తిరిగాం. నా వెనక అంగుళం దూరంలో, ఇనుము అవతల యాసిడ్ కదిలేది. దాంట్లో నీళ్లు పడితే ఏమవుతుందో లోడు చేసేవాళ్ల మాటల్లో విన్నాను. ఒక్కసారిగా మరిగి, చుట్టూ ఉన్నవాళ్ల మొహాల మీదికి చిమ్ముతుందట. వర్షం వచ్చినా, ఎవరైనా పక్కన బిందె దించినా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేదాన్ని.

మే నెల మధ్యాహ్నం, యలమంచిలి దాటాక ముందు టైరు పేలింది. ట్యాంకరు ఎడమకు ఒరిగి, రోడ్డు పక్క గుంటలోకి సగం దిగి ఆగింది. నా మొహం జీడితోట వైపు ఉంది. మనిషన్నవాడు లేడు. క్యాబిన్లో ఎర్రినాయుడు తల స్టీరింగు మీద వాల్చి ఉన్నాడు, కదలడం లేదు. వెనక వాల్వు చిట్లి చుక్కచుక్కగా కారుతోంది. చుక్క పడిన చోట గడ్డి నల్లబడి, తెల్లటి పొగ లేస్తోంది.

అటుపక్క రోడ్డు మీద జనం కేకలు వినిపించాయి.

"పొగొస్తంది! అంటుకుంటాది! బేగి నీళ్లు తెండి!"

రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పట్టే ట్రాక్టరు ఒకటి అక్కడే ఆగింది. దాని మీద పనిచేసే దేముడు అనే కుర్రాడు గొట్టం పట్టుకుని దిగాడట. వాడి గొంతు విని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇదిగో, రాసే ఉన్నాది సూడండి! నీళ్లు పోయ... ఆకరక్షరం ఊడిపోనాది గానీ, పోయమనే!"

అప్పుడు అర్థమైంది నాకు. అటుపక్క "వద్దు" లేదు. ఎండకు ముడుచుకుని, రివెట్ల దగ్గర లేచి, ఎక్కడో రాలిపోయింది. మాట మాత్రం తలకిందులై మిగిలింది. నేను అరవలేను. ఉన్నచోట ఉండటం తప్ప నాకు ఏదీ చేతకాదు.

రోడ్డు పక్క తాటిముంజెలు అమ్మే చిలకమ్మ, డ్రైవరును బయటికి లాగుదామని కత్తి పట్టుకుని గుంటలోకి దిగింది. నా ముందు నుంచే పరుగెత్తబోయి ఆగింది. పెద్దయ్యాక నేర్చుకున్న చదువులా ఉంది. పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"నీ... ళ్లు... పో... య... వ... ద్దు."

ఆ ఆరు అక్షరాలు చదవడానికి పట్టినంత కాలం నా జీవితం మొత్తంలో ఇంక దేనికీ పట్టలేదు.

"ఓరి దేముడా, ఆగరా! పోయొద్దని రాసున్నాది!"

"నీకు సదవడం రాదులే పిన్నీ! ఇటేపు పోయమనుంది!"

చిలకమ్మ గట్టెక్కి గొట్టానికి అడ్డంగా నిలబడిందట. తర్వాత తొట్టి మీద వేలితో కొడుతున్న చప్పుడు విన్నాను.

"ఇక్కడ సూడు. ఏటిది? జిగురుకి మట్టంటుకుని అక్షరం ఆకారం ఉన్నాదా, లేదా? నువ్వే సదువు."

"వ... ద్దు," అన్నాడు దేముడు. "కట్టీండ్రా! ఇంజను కట్టీండి!"

క్యాబిన్ అద్దం పగలగొట్టి ఎర్రినాయుణ్ని లాగారు. ఊపిరి ఉంది. అగ్నిమాపక దళం వచ్చేదాకా చిలకమ్మ జనాన్ని దగ్గరికి రానివ్వలేదు. వాళ్లు పొడి ఇసుక పోసి, వాల్వు బిగించి, యాసిడ్‌ను వేరే ట్యాంకరులోకి తోడారు.

ఇప్పుడు మా బండి ఊరవతల ఒక యార్డులో పడి ఉంది. వారం తర్వాత నూకరత్నం వచ్చింది. తలకు కట్టుతో ఎర్రినాయుడూ వచ్చాడు. ఇద్దరూ అటుపక్క నిలబడ్డారు.

"తప్పు నాదే నాయుడూ. తెలిసే కోశాను."

"రోజూ కడిగినోణ్ని నేనప్పా. ఉగాది ముందే ఊడిపోనాది. సూశాను. రేపు సెప్దారిలే అనుకున్నాను."

సత్యారావు వెనక నుంచి వచ్చాడు. "ఇంక తిరగని బండికి ఇయ్యన్నీ ఎందుకమ్మా?"

"అడుగున యాసిడ్డు ఇంకా ఉన్నాది కదా బాబూ," అంది ఆవిడ. "ఈపాలి మంచిదే తెచ్చాను."

ఎర్రినాయుడు పాత జిగురును గోకుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత వేడిగాలి. తర్వాత గుడ్డతో మళ్లీ మళ్లీ అద్దుతున్న చప్పుడు. పొద్దు వాలేదాకా ఆవిడ వెళ్లలేదు.

యార్డు వాచ్‌మన్ ఎండకు తాళలేక మధ్యాహ్నాలు బండ్ల మీద నీళ్లు చల్లుతుంటాడు. గొట్టం ఈడ్చుకుంటూ మా వైపు వస్తాడు. అటుపక్క ఒక నిమిషం ఆగుతాడు. రోజూ ఆ ఒక్క నిమిషం, అతను ఏం చదువుతున్నాడో వినడానికి ప్రయత్నిస్తాను. అతను పైకి చదవడు; గొట్టం ఈడ్చుకుంటూ పక్క బండి వైపు వెళ్లిపోతాడు.