కోట వాకిట్లో అవ్వ సాక్ష్యం

ఆదివారం విడిచి ఆదివారం మధ్యాహ్నం, కంచాలు ఎత్తేశాక, బృంద హాల్లో తూర్పు గోడ మీది క్యాలెండరును తీసి బీరువా వెనక పెట్టేది. తిరుత్తంగల్‌లో అచ్చైన పెద్ద క్యాలెండరు అది, సగం గోడను తనే మింగేసేది. ఆ తర్వాత పడమటి కిటికీ బార్లా తెరిచి, బల్ల జరిపి, మూడు కుర్చీలు వేసేది. ఇప్పుడా క్యాలెండరు గోడ దిగడం లేదు. ఆ ఆదివారాలు నాలుగేళ్లు నడిచాయి, నడిచినన్నాళ్లు అవి ఎప్పటికీ ఉండేవేననుకున్నారు.

కోవిల్‌పట్టికీ విళాత్తికుళానికీ నడుమ, నల్లరేగడి మధ్యలో ఉందా ఊరు. కూర్చున్న చోటే కథలో మనుషులై, మాటలతో ఆడే ఆట అది. కాలేజీ లైబ్రరీలో పనిచేసే బృంద ఆడించే మనిషి. ఆడేవాళ్లు ఇద్దరే. ఒకరు మేనత్త కూతురు సంగవి, విరుదునగర్ నుంచి బస్సులో వచ్చేది. ఇంకొకరు మందుల షాపు ఉదయకుమార్. ఆటలో మణిపట్నం అని ఒక ఊరు. రాణిగారి ఖజానాలోంచి రెక్కల పాము గుడ్డు పోయింది. దాన్ని వెతికి పట్టే ఒంటికన్ను పోలీసమ్మ వీరాయి సంగవి. ఆమె వెంట తిరిగే చుట్టల మాంత్రికుడు ఉదయకుమార్. అతని మాంత్రికుడు ఎంత గొప్పవాడైనా గొంతు మాత్రం బస్సు కండక్టరుదే. పట్నంలో మిగతా జనమంతా బృంద. బల్ల మీద ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉండేది గానీ, దాన్ని దొర్లించే పని నెలకొకసారి కూడా పడేది కాదు. అడగాలి, మాట్లాడాలి, మాటల్లోంచి దొంగను లాగాలి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఆడేవారు. బృందకు ఆ తెలుగు రాయడం రాదు, అందుకని నోటుబుక్కంతా తమిళ అక్షరాల్లో ఉండేది.

బృంద ఎవరి గొంతుతో మాట్లాడితే వాళ్ల నీడ గోడ మీద పడేది. మంత్రి మాట్లాడితే బొజ్జ నీడ, తాళాలు చేసే మరుగుజ్జు మాట్లాడితే నేలకు తాకే గడ్డం నీడ. ఆ నీడలకు సొంత బుద్ధి కూడా కాస్త ఉండేది. మంత్రి వినయంగా జవాబిస్తుంటే నీడ మీసం దువ్వుకునేది.

"వీడు అబద్దమాడతాండాడు," అనేవాడు ఉదయకుమార్.

"నీడను చూసి పట్టేది ఆటలో లేదు. అడిగి పట్టు," అని బృంద కసిరేది.

పక్కింటి కృష్ణమ్మాళ్ తోడుకు మజ్జిగ కోసం వచ్చి గోడ వైపు చూసేది. "ఈ పొద్దు ఎవురొచ్చిండారు?"

"మంత్రి, పెద్దమ్మా."

"పోయిన తూరి కంటే లావైనాడే," అని మజ్జిగ తీసుకొని పోయేది.

బృంద నాయన చిన్నసామి ఆటలోకి వచ్చేవాడు కాదు. లోపలి గది వాకిలి పక్కన కూర్చొని పేపరు చదివేవాడు. మూడు గంటల్లో ఒక్క పేజీ కూడా తిప్పేవాడు కాడు. అడిగితే ఈ సుమ్మా ఉత్తుత్తి కతలన్నీ ఎవరు వింటారనేవాడు.

ఆ ఇంట్లో మాట్లాడకూడని పేరు ఒకటుంది, జోతిలక్ష్మి. చిన్నసామి చెల్లెలు, సంగవి తల్లి. పన్నెండేళ్ల కింద చిన్నసామి తల్లి కమలం చివరి నెల మంచంలో ఉన్నప్పుడు, విరుదునగర్ నుంచి వచ్చి దగ్గర పడుకొని చూసుకున్నది జోతిలక్ష్మే. కమలం చెవులకు పాంపడాలుండేవి. అత్తగారి చేతి నుంచి వచ్చిన బరువు బంగారం, తమ్మెలు భుజాల దాకా సాగేవి. ప్రాణం పోయాక ఆడవాళ్లు నీళ్లు పోయబోతూ తలకు చుట్టిన గుడ్డ విప్పితే చెవులు బోసిగా ఉన్నాయి. చిన్నసామి ఊరందరి ముందర చెల్లెలినే అడిగాడు, "అమ్మ చెవులవి యాడ?" అని. ఆమె ఒక్క మాట పలకలేదు. పదహారో దినం కాగానే బస్సెక్కి పోయింది. అంతే, మళ్లీ ఈ గడప తొక్కలేదు.

సంగవిని మాత్రం ఆయన ఏనాడూ రావద్దనలేదు. పిల్ల మీద నాకేం కోపమనేవాడు, తన కంచంలోని కోడి ముక్క తీసి ఆమె కంచంలో వేసేవాడు. కానీ ఆ యేడు ఆవణి నెలలో సంగవి పెళ్లి. మేనమామ మొదటి మాల వేయకుండా వాళ్లల్లో పెళ్లికూతురు పీట ఎక్కదు. తీసినానని చెల్లెలు ఒప్పుకుంటే వస్తానని అన్న పట్టు. నువ్వు తీయలేదని అన్నే నా వాకిట్లోకి వచ్చి చెప్తేనే పిలుస్తానని చెల్లెలి పట్టు. ఈ మామ లేకపోతే మామ వరసయ్యే ఇంకొకరు వేస్తారులే అని పెళ్లివారు సర్దుకున్నారు. సంగవి సర్దుకోలేదు. ఆమెకు ఈ మామే కావాలి.

ఆవణికి ముందరి ఆడి నెలలో చివరి ఆదివారం అది. పెళ్లయితే సంగవి కోయంబత్తూరు పోతుంది, కాబట్టి ఇదే ఆఖరి ఆట అని ముగ్గురికీ తెలుసు. బృంద గుడ్డు దొంగను ఈ పొద్దే పట్టించాలని మూడు ఆధారాలు సిద్ధం చేసింది. ఆడేవాళ్లు రెండు వదిలేసినా మూడోది దొరకాలని ఆమె ఎప్పుడూ ఒక నిజానికి మూడు ఆధారాలు పెట్టేది. సంగవి ఆ మూడూ వదిలేసింది.

"కోట వాకిట్లో కడలమిఠాయి అమ్మే అవ్వ ఒకామె ఉండాది గదా వదినా, ఆమెను విచారించాల," అంది.

నోటుబుక్కులో అలాంటి అవ్వ లేదు. కానీ ఆడించే మనిషి లేదనకూడదు. "ఉండాది," అంది బృంద, నోరు తెరిచింది. తనకు తెలిసిన అవ్వ గొంతు ఒక్కటే, నాయనమ్మ కమలానిది. "ఏమ్మే కూనా, అన్నం తింటివా?" అని వచ్చేసింది.

గోడ మీద నీడ సన్నగా, వంగి పడింది. లోపలి గదిలో పేపరు కిందికి దిగింది.

సంగవి నీడ వైపు తిరిగి, పోలీసమ్మ గొంతు సర్దుకుంది. "అవ్వా, గుడ్డు సంగతి తర్వాత. నీదేమన్నా పోయిందా?"

"నాదేముండాది పోయేదానికి?" అంది బృంద. ఆమె చేతులు నోటుబుక్కు మీదే ఉన్నాయి. నీడ చేతులు చెవుల దగ్గరికి పోయాయి.

ఉదయకుమార్ కుర్చీ పక్కకు జరుపుకొని గోడకు చోటిచ్చాడు.

నీడ రెండు పాంపడాలు విప్పి కొంగు కొసన ముడి వేసుకుంది. వంగి వంగి పత్తి తీసింది. కాసేపటికి నడుం పట్టుకొని లేచి కొంగు తడుముకుంది. ముడి లేదు. నీడ బోర్లా పడుకొని చేయి నేలలోకి దించింది, మోచేయి దాకా, భుజం దాకా. పంగుని ఎండకు రేగడి ఎట్లా బీటలు వారుతుందో ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. ఆ బీటలో పడింది ఎవరికీ తిరిగి దక్కలేదు. నీడ చాలాసేపు అట్లాగే వెతికింది. తర్వాత లేచి, తలకు గుడ్డ చుట్టి, రెండు చెవులూ కప్పుకుంది.

చిన్నసామి లోపలి గది వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "చెవిలోకి గాలి పోతాందనె అమ్మ," అన్నాడు. "చిత్తిర ఎండలో గుడ్డ చుట్టుకొనె. నేను కోవిల్‌పట్టి పోయి చెవి మందు తెస్తినే. ఆ మందు కూడా గమ్మున వేయించుకొనె!"

నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. గోడ దాకా పోయి చేయి పెట్టాడు. సున్నం వెచ్చగా ఉంది, అవ్వ వెళ్లిపోయింది.

"సంగవీ, మీ అమ్మ ఇంట్లో ఉండాదా?"

"ఉండాది మామా."

నాలుగున్నర బస్సుకు మామా కోడలూ విరుదునగర్ బయలుదేరారు. గుడ్డు దొంగ ఎవరో ఈనాటికీ బృందకు తప్ప ఎవరికీ తెలియదు.

జోతిలక్ష్మి వాకిట్లో మురుకుల పిండి జల్లిస్తోంది. అన్నను చూసి లేచింది. ఆయన చెప్పులు విప్పి, మెట్టు కిందే నిలబడ్డాడు.

"నువ్వు తీయలేదమ్మా. పత్తి చేన్లో బీటలో పడిపాయె. పన్నెండేండ్లు నిన్ను దొంగను చేసినాను."

"ఎవురు చెప్పిరి నీకి?"

"అమ్మే."

జోతిలక్ష్మి జల్లెడ కింద పెట్టింది. ఎట్లా అని అడగలేదు. పైటకొంగుతో ముఖం తుడుచుకుంది, పిండి ముఖమంతా అంటుకుంది.

"నాతో చేతిలో చెయ్యేయించుకొనె, అన్నకు చెప్పొద్దని. ఆమెగా ఆమే చెప్పేస్తే సరి."

చిన్నసామి తలెత్తి చూశాడు. "నీకి ముందే తెలుసునా? తెలిసీ ఏంటికి పలకలేదు?"

"పలికింటే నువ్వు చచ్చిన అమ్మను తిడతావు గదన్నా," అంది జోతిలక్ష్మి. "నన్నైతే బతికినంత కాలం తిట్టుకో అనుకొంటిని."

ఆయన మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. సంగవి వాళ్లను దాటుకొని లోపలికి పోయి, మామకు కంచం కడిగి పెట్టింది.