లేబులు గీకిన పాట

మూడోసారి కూడా పాట చెడింది. తప్పు డ్రమ్ముల వాడిది, తిట్లు మాత్రం అందరికీ పడ్డాయి. ఆరెంజ్ వీధిలో సారా కొట్టు వెనకున్న ఆ రికార్డింగు గదికి కిటికీ లేదు. ఫ్యాను చప్పుడు రికార్డులోకి ఎక్కుతుందని యజమాని బర్నెట్ దాన్ని ఆపించాడు. పొద్దున ఎనిమిదింటికి లోపలికొచ్చిన తొమ్మిదిమంది వాయిద్యగాళ్లు మధ్యాహ్నం రెండైనా చొక్కాలు పిండుకుంటూ నిలబడే ఉన్నారు. పాటకు ఒక పౌండు. చెడిన పాటకు చెమటే కూలి.

లాసెల్స్ మెడలో వేలాడుతున్న సాక్సఫోను బర్నెట్‌ది. సొంతది రెండేళ్ల క్రితం, భార్య ఐసిల్డా కాన్పు కష్టమైనప్పుడు అమ్ముడుపోయింది. అప్పటినుంచి ఈ గదిలోనే వాయించడం, వెళ్లేటప్పుడు గోడమేకుకి తగిలించి పోవడం. ఇంకో చోటికి పోదామంటే ఊదడానికి చేతిలో ఏముంది?

ఇవాళ్టి బాణీ అతనిదే. నిజం చెప్పాలంటే అతని తల్లి మిస్ క్లెమీది. నలభై ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని కింగ్‌స్టన్ సందుల్లో ఆవిడ అరిచిన అరుపు అది. మొదట సాగదీసి, చివర్న రెండుసార్లు తెగ్గొట్టేది. దాన్నే లాసెల్స్ సాక్సఫోనులోకి ఎక్కించాడు. బర్నెట్ దాన్ని రికార్డు చేసి, వీధుల్లో తన మైకుసెట్టు పెట్టి జరిపే డాన్సుల్లో ఏడాదిపాటు దాంతో ఊరిని ఊపేశాడు. పోటీ సెట్ల వాళ్లు పేరు చూసి అదే పాట కొనుక్కుంటారని రికార్డు లేబులు బ్లేడుతో గీకేయడం ఆ వీధిలో అందరూ చేసే పనే. ఎవరి పాటని అడిగితే అమెరికా వాళ్లదనేవాడు బర్నెట్. “గీక్కోనీ, నా ఊపిరి ఎవరికి తెలీదు?” అని నవ్వేవాడు లాసెల్స్, వెర్రిబాగులవాడు.

మొన్న ఆదివారం మిస్ క్లెమీ చేపకి పొలుసు తీస్తూ అంది: “ఒరేయ్ లాసీ, ఆ మైకులో అమెరికా వాడెవడో అచ్చం నా అరుపే అరుస్తున్నాడ్రా. నన్నెప్పుడు విన్నాడో!”

“అది నేనేనమ్మా.”

“పోరా! నువ్వైతే నీ పేరు చెప్పరూ? తల్లి దగ్గర కూడానా కోతలు?”

కొడుకుని చూసి జాలిగా నవ్వింది కూడా. ఆ నవ్వు అతను మరిచిపోలేకపోతున్నాడు.

బర్నెట్ టేపు మిషనున్న అద్దాల గదిలోంచి కాగితం పట్టుకొచ్చాడు. “ఇదిగో, లండన్ కంపెనీ ఈ పాట కొంటోంది. పాత రికార్డు అరిగిపోయిందనేగా మళ్లీ కొడుతున్నాం. ఇక్కడో సంతకం పడెయ్.”

బాణీ కట్టింది బర్నెట్ అనీ, కింద సంతకం చేసినవాడు కూలికి ఊదాడనీ కాగితంలో ఉంది.

“కట్టింది నేను కదా బాసూ?”

“గది నాది, టేపు నాది, నీ మెళ్లోదీ నాదే. నీదేముందిరా అందులో, గాలి తప్ప!”

“ఆ గాలి మా అమ్మది.”

“అయితే మీ అమ్మనే తీసుకొచ్చి ఊదించు!” అన్నాడు బర్నెట్. యజమాని నవ్వాడు కనక అందరూ నవ్వారు.

లాసెల్స్ కలం తీసుకున్నాడు. సంతకం పెడితే ఈ పౌండూ, వచ్చే వారం ఇంకో పౌండూ. పెట్టకపోతే సాక్సఫోను మేకుకే. ఇంట్లో ఐసిల్డా మొక్కజొన్న పిండి డబ్బా అడుగు గోకుతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లండన్ నుంచి ఆ రికార్డు లేబులుతో తిరిగొస్తే తల్లికి ఎవరి పేరు చదివి చెప్పాలి?

కలాన్ని కాగితం పక్కన పడేశాడు. సాక్సఫోను మెడలోంచి తీసి, దాని మూతిలో స్వరం పలికించే రెల్లుబద్ద ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అదొక్కటే తన డబ్బుతో కొన్నది.

“సంతకం పెట్టను. ఊదను కూడా.”

బర్నెట్‌కి కోపం రాలేదు. అది చూసి లాసెల్స్‌కి ఇంకా భయం వేసింది.

“వెర్నల్, వీడి పక్కన ఏడాదిగా వింటున్నావుగా. ఆ వరస ట్రాంబోన్ మీద నువ్వు కానీ. రెండు పౌండ్లు.”

పొడుగాటి ఇత్తడి బూర ట్రాంబోన్ వాయించే వెర్నల్, లాసెల్స్‌తోపాటు పేదపిల్లల బడి బ్యాండులో పాఠం నేర్చినవాడు. నలుగురు పిల్లలు. అతను తలెత్తలేదు.

టేపు తిరుగుతోందని ఎర్రదీపం వెలిగింది. ఈసారి డ్రమ్ములవాడు తప్పు చెయ్యలేదు. పాట సాఫీగా పోయి, సాక్సఫోను అందుకోవాల్సిన చోటికి వచ్చింది. లాసెల్స్ గోడకి ఆనుకుని చూస్తున్నాడు. వెర్నల్ ట్రాంబోన్ ఎత్తి పెదాలకి ఆనించాడు. రొమ్ము నిండా గాలి పీల్చాడు. ఇంకా ఊదలేదు.