రొట్టెల పెట్టె ఏ పక్కన?

శంషాబాద్ గోదాముల సందుల్లోని చిన్న దుకాణాలకు పనికొచ్చే సామాన్లు తయారుచేస్తాం, నేనూ అరీబూ. ఇద్దరం డిజైన్ చదివినవాళ్లమే. నేను గీస్తాను, అతను వెల్డింగ్ చేస్తాడు. నా గీతకు ఎవరైనా వంక పెడితే మాత్రం కోపం నా ముక్కు మీదే ఉంటుంది.

దుర్గవ్వ ఒక గోదాము గేటు ముందు జొన్నరొట్టెలు, పప్పు అమ్ముతుంది. పనివాళ్లకు మధ్యాహ్నం అరగంటే విరామం. ఈమధ్య గేటు లోపలే క్యాంటీన్ పెట్టారు.

"జర జల్ది అందేటట్టు బండి చేయుండ్రి బిడ్డా. లేకుంటే ఇగ నా బేరం బందే" అంది. ఆమె ఇల్లు గడిచేది ఆ బేరం మీదే.

రొట్టెల వేడి తగ్గకుండా చెక్క పెట్టె, పక్కన పప్పు గిన్నె, చేతికందేలా గల్లా. బండి తయారయ్యాక మా షెడ్డులో నేనే దాని వెనక నిలబడి, అరీబ్‌కూ పంక్చర్ షాపు మొగులయ్యకూ రొట్టెలు అందించి చూశాను. చకచకా సాగింది. నా వీపు నేనే తట్టుకున్నాను.

తీరా మొదటి రోజు వెళ్లి చూస్తే వరుస చాంతాడంత ఉంది! దుర్గవ్వ కుడిచెయ్యిని పొట్ట మీదుగా ఎడమపక్కకు చాచి, రొట్టె తీసి, మళ్లీ ఇటు తిరిగి ఇస్తోంది. ఒక్కో రొట్టెకూ నడుమంతా తిప్పడమే. సగం మంది విసుగొచ్చి క్యాంటీన్‌కు పోయారు. రొట్టెలు మిగిలిపోయాయి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పెట్టె ఎడమపక్కనే ఉంది గదక్కా! ఆ చేత్తోనే ఇయ్యరాదు?"

దుర్గవ్వ కొంగుతో చెమట తుడుచుకుంది. అరీబ్ పకపకా నవ్వాడు. "ఎడమ చేత్తోని తిండి ఎవరిస్తరు నిర్మలా? మా అమ్మీ ముంగట గట్ల ఇస్తే వీపు పగుల్తది. నీ చేతికైతే మంచిగ కుదిరింది!"

నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఆ చేత్తో ఏది అందించినా ఇంట్లో మొట్టికాయ పడేది. అన్ని తిన్నదాన్ని, బండిని నా చేతికి సరిపోయేలా గీసుకున్నాను! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ముందుగాల్నే చెప్పకపోతివి ఏందక్కా?"

"ఎట్ల చెప్తం బిడ్డా? నీ చెయ్యే గట్లున్నది. నీ మనసు నొచ్చదా?"

ఆ సాయంత్రమే పెట్టెను కుడిపక్కకు మార్చాం. ఎడమ చేత్తో డబ్బు పుచ్చుకోవడమూ తప్పే కాబట్టి, కొనేవాళ్లే వేసేలా గల్లాను ముందుకు జరిపాం. "గల్లా నెత్తి మీద పెడ్దామా?" అని అరీబ్ వేళాకోళమాడుతూనే ఉన్నాడు.

మర్నాడు అందరికంటే ముందే వెళ్లాను. మొదటి బేరం నాదే. నోటును కుడిచేతిలోకి మార్చుకుని చాచాను. దుర్గవ్వ తీసుకోలేదు.

"గా చెయ్యి గాదు బిడ్డా. నా బండి గీసిన చెయ్యితోని బోణీ చెయ్యి."

ఎడమ చేత్తో ఇచ్చాను. ఆమె ఆ నోటును కళ్లకద్దుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ చేత్తోనే ఇమ్మని అడిగి పుచ్చుకున్నవాళ్లు లేరు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతలో గోదాము గంట మోగింది. విరామం పూర్తికాకముందే పెట్టె ఖాళీ. ఆలస్యంగా వచ్చిన అరీబ్‌కు ఒక్క రొట్టె కూడా దక్కలేదు.

"రేపు గూడ జల్ది రా బిడ్డా, బోణీ నీదే" అంది దుర్గవ్వ, ఖాళీ పెట్టె తుడుస్తూ.