బుగ్గన ముక్క

నా బిడ్డ "అమ్మా" అని పిలిస్తే, ఎవరీ పిల్ల అని నేను తేరిపార చూసే రోజు వస్తుందేమో. నా భయం అదే. చావన్నా నాకింత భయం లేదు.

పిన్నిని చూశాకే ఇది పట్టుకుంది. మా అమ్మ చెల్లెలు. పిప్పరమెంటు బిళ్ళలు చేసే షెడ్డులో కాగితం చుట్టే పని నాకు నేర్పింది ఆవిడే. బిళ్ళ పెట్టడం, మడవడం, రెండు చివర్లూ మెలిపెట్టడం. పొయ్యి చల్లారేదాకా ఎవరూ భోజనానికి లేవకూడదు. అందుకని విరిగిన బిళ్ళ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంటాం. కరిగితే ఇంకోటి. ఆకలీ తెలీదు, కబుర్లూ ఉండవు. ముక్కలు ఉచితం. మేస్త్రీకి అంతకన్నా ఏం కావాలి!

మొన్న పిన్ని ముందున్న పోగు చూసి చుట్టడం ఆపేశాను. చక్కగా మెలిపెట్టిన కాగితాలు, లోపల బిళ్ళల్లేవు.

"ఇదేంటి పిన్నీ?" అన్నాను.

బుగ్గన ముక్క అటునుంచి ఇటు దొర్లిస్తూ నవ్వింది. "ఎవరి పిల్లవమ్మా నువ్వు, కొత్తగా చేరావా?"

ఆ సాయంత్రమే వద్దంటున్నా వినకుండా క్లినిక్‌కి లాక్కెళ్ళాను. బుగ్గన ముక్క సంగతి చెప్పాను. డాక్టరమ్మ వేలు గుచ్చి చూసింది. చక్కెర బాగా ఎక్కువుంది.

"మెదడులో వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలుంటాయి. ఏళ్ళ తరబడి ఒంట్లో చక్కెర ఎక్కువైతే అవి దెబ్బతింటాయి. ఆడవాళ్ళలో ఈ దెబ్బ వేరుగా ఉంటుందేమోనని ఇంకా పరిశోధిస్తున్నారు. ఈవిడ మరుపు దానివల్లేనని నేనిప్పుడే చెప్పలేను, పరీక్షలు కావాలి. ముక్క మాత్రం మానిపించు. నువ్వూ మాను."

"ఎలా మానను డాక్టరమ్మా," అంది పిన్ని, "మొగుడికన్నా ఎక్కువ తోడున్నది ఆ ముక్కే!"

మర్నాడు మేస్త్రీ ముక్కల డబ్బా తెచ్చాడు. నేను తీసుకోలేదు. పిన్ని చెయ్యీ పట్టుకున్నాను.

"ఇది వద్దు సార్. చక్కెరతో మెదడు దెబ్బతింటుందట. భోజనానికి వదలండి."

"ఉచితంగా వస్తుంటే కళ్ళు నెత్తికెక్కాయా? ఏడో క్లాసుతో ఆపేసినదానివి, మెదడు గురించి నాకు పాఠాలా?"

"తెలీకే తెలిసినావిణ్ణి అడిగొచ్చాను. మీరెవర్నడిగారు?"

"మీ పిన్నికి బుర్ర పోయింది, ఇంటికి తీసుకుపో. దాంతోపాటు నువ్వూ పో."

పని పోతే బిడ్డకి పాలెలాగో నాకు తెలీదా? అయినా లేవలేదు. చేతులు మాత్రం ఆపేశాను.

"ఇన్నాళ్ళూ ముక్క పెట్టి నోరు మూయించారు. ఇప్పుడు నోరు ఖాళీ సార్."

ఎదుటి బల్ల దగ్గర బొద్దక్క తన ముక్కని అరచేతిలోకి ఉమ్మింది. "నాదీ ఖాళీయే," అంది. ఆమె పక్కావిడా ఉమ్మింది. ఒక్కొక్కరే చుట్టడం ఆపేశారు. చుట్టే చేతుల్లేక వేడి బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దవుతున్నాయి. మేస్త్రీ వాటిని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"తినేసి తొందరగా ఏడవండి!"

గిన్నెలు విప్పుకున్నాం. పొయ్యి మండుతుండగా ఆ షెడ్డులో భోంచేయడం అదే మొదలు.

పిన్నిని మాత్రం పనిలోంచి తీసేశాడు. ఆ సంగతీ వదలను. పరీక్షలింకా అవలేదు, ఏం తేలుతుందో తెలీదు. భయం పోలేదు. భయపడుతూనే పోట్లాడొచ్చని తెలిసింది, అంతే.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో, కూర్చుని తినే తీరిక లేక తీపి టీలతో రోజు నెట్టుకొచ్చే ఆడమనిషి ఉండే ఉంటుంది. మాట మర్చిపోతే వయసని నవ్వేయకండి. ఇవాళ ఒక్కసారి వెళ్ళి చూడండి. పొద్దున్నుంచి ఏం తిన్నావని అడగండి. ఏం చెప్తుందో, ఆగి పూర్తిగా వినండి.