కాలవ మోసిన పాఠం

రోజూ మిట్టమధ్యాహ్నం రూతు రామ్మూర్తి గారి గేదెల్ని కాలవలో దింపేది. ఆనకట్ట కట్టాక కొత్తగా తవ్విన కాలవ అది. ఎగువన కొత్తపేట దగ్గర పాకబడి పిల్లలకి పొద్దున చదివిన పాఠం నీళ్లలో కొట్టుకొచ్చి, ఆ వేళకి రేవు దాటేది. నాచు వస్తుంది, కొబ్బరిమట్టలు వస్తాయి, పాఠం వస్తుంది. అదేమిటని ఎవరూ అడగలేదు.

రామ్మూర్తి గారి భార్య సుబ్బాయమ్మ మాత్రం పై మెట్టు మీద బిందె పెట్టుకుని విసుక్కునేది.

"నిన్నటి బిందె తెల్లార్లూ గుణింతాలు చదివిందే! గుడ్డేసి వడకట్టినా పోవు. పాఠం దాటనీ, అప్పుడు ముంచుతాను."

రూతు కింద మోకాటిలోతు నీళ్లలో గేదె వీపు రుద్దుతూ వినేది. పాఠం చదివే ఆ గొంతు తన మామ్మ ఎలీసమ్మది. ఆ పాకలోనే రూతు రెండేళ్లు ఇసకలో అక్షరాలు దిద్దింది. రామ్మూర్తి గారి దగ్గర పాలేరుగా ఉన్న తండ్రి గత్తర జాడ్యంలో పోయాడు. మర్నాడే ఆయన దగ్గర్నించి కబురొచ్చింది: "తండ్రి మా మనిషి, పిల్లా మా మనిషే." మామ్మ కాళ్లు పట్టుకున్నా వదల్లేదు.

అప్పట్నించీ మామ్మ పిల్లల్ని కాలవగట్టు మీదే కూర్చోబెట్టి, తాటాకుల మీద తను రాసుకున్న కథలు చదివేది. ఈమధ్య రోజూ కొంగ కథే.

"ఒక ఆసామి తుమ్మచెట్టు మీద కొంగ గుడ్డు పెట్టింది. పిల్ల ఎగరబోతే ఆసామి అన్నాడూ, 'నా చెట్టు మీద పుట్టావు, నువ్వు నా దానివి' అని. మరి కొంగపిల్ల ఎవరిది? తెలిసినవాళ్లు చెప్పండి."

"ఎవరిదీ కాదండీ!" అని పిల్లల కేకలు సాగేవి. వాటి వెనక కాసేపు ఉత్త నీళ్లే వచ్చేవి. మామ్మ తన జవాబు కోసం ఆగిన ఖాళీ అదని రూతుకి తెలుసు. "ఆయ్ మామ్మా, ఎవరిదీ కాదు" అనేది మెల్లగా. కాలవ ఎప్పుడూ దిగువకే పారుతుంది కదా. ఆ జవాబు సముద్రంలోకి పోయేది.

ఒకనాడు సుబ్బాయమ్మ చెప్పింది. "బుధవారం మా సుందరి కాపరానికెళ్తోంది. అరణం కింద రెండు గేదెలిస్తున్నాం. వాటితో నువ్వూ వెళ్లాలి, అక్కడే ఉండిపోవాలి."

"ఎక్కడికండీ?"

"గోదారి అవతలికి."

"ఈ కాలవ అక్కడికి వస్తదాండీ?"

"రాదే." సుబ్బాయమ్మ ఎందుకో మొహం తిప్పుకుంది. "ఆ గోల తప్పుద్దిలే నీకు."

మంగళవారం పాఠం సన్నగా వచ్చింది.

"కొంగపిల్ల కచేరీకి వెళ్లింది. జడ్జీ దొరవారు అన్నారూ, 'ఏ మనిషీ ఇంకో మనిషి సొత్తు కాదని కుంపిణీ సర్కారు చట్టంలో రాసుంది. వెళ్లిపోతే పట్టి తెప్పించే హక్కు ఎవరికీ లేదు.'"

"అది కొంగ కదా మామ్మా!" అన్నాడొక పిల్లాడు.

"కొంగైనా అంతేరా. దొరవారు అడిగారూ, 'ఇంతకీ నీ కాలికి కట్టిన తాడేదీ?' కొంగపిల్ల కిందకి చూసుకుంది. అప్పుడూ..."

దగ్గు. తాటాకులు చెదిరిన చప్పుడు. "మామ్మా! మామ్మా!" అన్న కేకలు రేవు దాటిపోయాయి. వాటి వెనక ఖాళీ వచ్చింది. రూతు ఎంతసేపు నిలబడ్డా ఆ ఖాళీ దాటలేదు.

సుబ్బాయమ్మ బిందె ముంచలేదు.

రూతు ఒడ్డెక్కి తన కాళ్లకేసి చూసుకుంది. బురద ఉంది, అంతే. గేదెల పలుపులు రాటకి చుట్టి ఎగువకి నడిచింది.

"ఎక్కడికే?"

"మామ్మ దగ్గరికండీ."

"ఎవరు పంపేరే నిన్ను?"

"ఎవరూ పంపక్కర్లేదంటండీ. మీరూ విన్నారు గదండీ."

దాటిపోవాలని రోజూ కాచుక్కూచుని, పాఠాలన్నీ సుబ్బాయమ్మా విన్నదే. "ఆయన పొలం నించి వచ్చేసరికి పొద్దుగూకుద్ది" అంది, ఎటో చూస్తూ.

దారి పొడుగునా కాలవ ఒక్క మాటా మాట్లాడలేదు. దీపాలవేళకి రూతు పాక చేరింది. మామ్మని అప్పటికే మట్టిలో పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే, చెదిరిన తాటాకులు ఏరి, వరస పెట్టుకుని, రూతు గట్టు మీద పిల్లల ముందు కూర్చుంది. ఆఖరి ఆకు మీద ఒక్క ముక్కే ఉంటే, అది పైకి చదివి అడిగింది.

"అప్పుడు కొంగపిల్ల ఎగిరిపోయింది. ఏం పిల్లలూ, తెలిసిందా?"

"ఆయ్!" అన్నారు పిల్లలు.

మధ్యాహ్నానికి రామ్మూర్తి గారి రేవులో గేదెలు దిగుతాయి. వాటి వీపు రుద్దడానికి ఈపాటికి ఇంకో పిల్లని తెచ్చే ఉంటారు. రూతు నీళ్లకేసి చూస్తూ, తన కోసం మామ్మ ఆగినంతసేపూ ఆ పిల్ల కోసం ఆగింది.