ఈశ్వరమ్మ వాకిట్లో సముద్రం

సాయంత్రం నాలుగయ్యేసరికి ఈశ్వరమ్మ ఉల్లిపాయల బుట్ట మంచం మీద పెట్టేది, మేకను రాతి దిమ్మ మీదికి ఎక్కించేది, వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తేసేది. కోడలు పాపమ్మ సాంత్ర్ ద ఫ్లాక్ పట్నం ఆసుపత్రిలో పని ముగించుకుని, బస్సు దిగి, చెరుకు తోటల మధ్య నడిచి ఇంటికి వచ్చే వేళకి సముద్రం కూడా వచ్చేది. పాపమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోంచి నడిచి అరుగెక్కేది.

ఆ ఊరికి సముద్రం అయిదు మైళ్ళ దూరం. అయినా ఏ ఇంట్లోనైనా ఒకరు దీవి విడిచి వెళ్ళే పని మొదలుపెడితే అది రోజూ ఆ ఇంటి వాకిట్లోకి వచ్చి, దీపాలు పెట్టే వేళకి వెనక్కి పోయేది. వెళ్ళేవాళ్ళ కాళ్ళే తడుస్తాయి. మిగతావాళ్ళు మోకాలి లోతులో తిరిగినా పాదం పొడిగానే ఉంటుంది. ఉల్లిపాయలకి మాత్రం ఈ మర్యాద లేదు, అవి తడిసి కుళ్ళిపోతాయి. స్వాతంత్ర్యం వస్తుందా, వస్తే మనకి మంచా చెడా అని దీవంతా తగువులాడుకుంటున్న ఆ రోజుల్లో ఒక్క ఆ వీధిలోనే మూడు నాలుగిళ్ళకి సముద్రం వచ్చేది. కొట్టు చిన్నయ్య పప్పు బస్తాల కింద చెక్కలు వేసుకుని, వెళ్ళేవాళ్ళు తొందరగా వెళ్ళిపోతే బాగుణ్ణని సణుక్కునేవాడు.

తొందరగా తేలనిది పాపమ్మ సంగతే. ఆమె మొగుడు ఎంకన్న అయిదేళ్ళ కిందట ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ ఏదో ఊళ్ళో బస్సు టిక్కెట్లు కొడుతున్నాడు. వచ్చెయ్యి, వచ్చెయ్యి అని రాస్తున్నాడు. పెళ్ళాం మొగుడి దగ్గరికి వెళ్ళడానికి ఇంత ఆలోచన ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. పాపమ్మకీ అలాగే అనిపించి, మంచి చీర కట్టుకుని రాజధాని పోర్ లూయీలో, ఇంగ్లండు వెళ్ళే కాగితాలు ఇచ్చే దొరగారి ఆఫీసుకి వెళ్ళింది.

ఆ ఆఫీసరు చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. సర్కారు రిజిస్టరులో రాయించిన సివిల్ పెళ్ళి కాగితం అడిగాడు. పాపమ్మ మెళ్ళో తాళి చూపించింది. ఆయన తాళిని చూసి, తల ఊపి, అయితే మీరు పెళ్ళి కాని స్త్రీ అన్నాడు.

ఆ దీవిలోని మన తెలుగువాళ్ళలో అప్పటికి అదొక అలవాటు. సివిల్ అనేది పొలాలున్నవాళ్ళకి, ఆస్తి పంపకాలకి. మామూలు జనానికి సింహాద్రి అప్పన్న పటం ముందు తాళి కడితే చాలు. పాపమ్మ పెళ్ళి చేయించిన పూజారి సన్యాసి ఈ సంగతి తెలిసి మండిపోయాడు. అప్పన్న చూసిన పెళ్ళిని టోపీ పెట్టుకున్నవాడు కాదంటాడా అని రెండు రోజులు భోజనం సరిగ్గా చెయ్యలేదు. అయినా కాగితం కాగితమే. అది లేకుండా భార్యగా వెళ్ళడానికి లేదు.

ఇక రెండు దారులున్నాయి. ఎంకన్నని పెళ్ళాడబోయే పిల్లగా వెళ్ళొచ్చు. అతను అక్కడ ఒప్పుకుని సంతకం పెట్టాలి, దిగాక మూడు నెలల్లో సివిల్ చేసుకోవాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. రెండోది ఆసుపత్రి దారి. ఆడవాళ్ళ వార్డు చూసే సిస్టర్ మోనిక్, ఆయా పని చేస్తున్న పాపమ్మకి మూడేళ్ళ నుంచి ఇంగ్లీషు నేర్పుతోంది. ఇంగ్లండులో ఒక ఆసుపత్రి రెండేళ్ళ నర్సు శిక్షణకి ఆడపిల్లల్ని తీసుకుంటోందని, జీతం ఇస్తారని, గది ఇస్తారని చెప్పి, పాపమ్మ పేరు తనే పంపింది. వాళ్ళకి పెళ్ళి కానివాళ్ళే కావాలి. తాళి తీసేసి వెళ్ళాలి. హాస్టల్లో ఉండాలి, మొగుడి ఇంట్లో ఉండడానికి లేదు.

పాపమ్మ కోసం సముద్రం మొదటిసారి వాకిట్లోకి వచ్చింది మోనిక్ ఆ పేరు పంపిన రోజునే. ఆ సాయంత్రం పాపమ్మ పాదాలు తడిసి, అరుగు మీద అడుగులు పడ్డాయి. ఈశ్వరమ్మ ఆ అడుగులు చూసి సంతోషంతో కళ్ళు తుడుచుకుంది. కొడుకు దగ్గరికి కోడలు వెళ్తోందని ఆమె లెక్క.

నర్సు సంగతి తెలిశాక ఆ సంతోషం ఎగిరిపోయింది. మొగుడు బతికుండగా తాళి తీసేసే ఆడదాన్ని తాను చూడలేదంది. వాడు అక్కడ డబ్బా చేపలు తిని బతుకుతుంటే నువ్వు ఊళ్ళోవాళ్ళ మంచాలు సర్దుతావా అని అడిగింది. సన్యాసి కూడా వచ్చి అరుగు మీద కూర్చుని, అదే మాట పెద్దగా, శ్లోకాలు కలిపి చెప్పాడు. పాపమ్మకి ఎంకన్న అంటే ఇష్టమే. రామభజనలో దీపం చుట్టూ అతను అడుగులు వేస్తుంటే ఊరంతా చూసేది, ఆమె కూడా చూసేది. అతని దగ్గరికి వెళ్ళాలని ఉంది. అతని సంతకం మీద వేలాడుతూ వెళ్ళాలని లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఆమెకి అర్థం కాలేదు, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఆ నెలంతా ఆమె ఒకచోట నిలవలేదు. వార్డులో పరిచిన దుప్పటినే తీసి మళ్ళీ పరిచేది. బస్సులో సీటు మారేది. ఇంట్లో చింతపండు నానేసి మర్చిపోయి ఇంకోసారి నానేసేది. గేటు దాకా వెళ్ళి, ఎందుకు వచ్చానని అక్కడే నిలబడి, తిరిగి వచ్చేది. చివరికి ఒక ఆదివారం వంటింట్లో అత్త వెనక నిలబడి, సరే అత్తా, పెళ్ళికూతురిగానే వెళ్తాను అంది. ఈశ్వరమ్మ ఆ రోజు పాయసం చేసింది.

మర్నాడు పాపమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోంచి నడిచి అరుగెక్కింది. పాదాలు పొడిగా ఉన్నాయి.

పొడి పాదం అంటే ఏమిటో ఆ వీధిలో పసిపిల్లలకీ తెలుసు. వడ్రంగి గోపాలు పొడి పాదాలతోనే మొండిగా ఓడెక్కాడు. ఆరు నెలలు తిరక్కుండా వెనక్కి పంపేశారు. సిగ్గుపడి ట్రియోలే ఊళ్ళో చెల్లెలి ఇంటికి పోయి అక్కడే ఉండిపోయాడు. పాపమ్మ చుట్టూ చూసింది. ఈశ్వరమ్మ మేక దగ్గర ఉంది. పాపమ్మ గబగబా కుళాయి దగ్గరికి వెళ్ళి రెండు చెంబులు పాదాల మీద పోసుకుని, తడి అడుగులు వేసుకుంటూ లోపలికి వచ్చింది. అప్పటినుంచి రోజూ అదే పని. అత్తని మోసం చేస్తున్నానని ఆమెకి ఏడుపొచ్చేది. అత్త చేసిన పాయసం గుర్తొచ్చి నోరు మెదిపేది కాదు.

కాగితాలు ఇవ్వడానికి పోర్ లూయీ వెళ్ళాల్సిన ముందు రోజు సాయంత్రం ఈశ్వరమ్మ కోడల్ని పీట మీద కూర్చోబెట్టి పాదాలకి పసుపు రాయబోయింది. శుభకార్యానికి వెళ్ళే పిల్లకి రాయాలని ఆమె పట్టుదల. పసుపు ముద్ద పట్టుకుని వంగి, ఆగిపోయింది. పాదాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూసింది. మడమ దగ్గర వేలితో రుద్దింది.

"ఎంకన్న ఎల్లిన రోజుల్లో ఆడి కాళ్ళు ఆరితే తెల్లటి గీతలు పడీవి. నానే కడిగీదాన్ని. నీ కాళ్ళకి ఉప్పేది?"

పాపమ్మ పాదం వెనక్కి లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళికూతురిగా ఎల్తానన్న మర్నాటి నుంచి అత్తా. కుళాయి నీళ్ళు పోసుకుంటన్నాను."

ఈశ్వరమ్మ పసుపు చేత్తో అలాగే కింద కూర్చుండిపోయింది. వాకిట్లో సముద్రం అరుగు రాళ్ళకి తగిలి శబ్దం చేస్తోంది. ఆమెకి కోపం వచ్చింది, అది కోడలి మీద కాదు. ఓడెక్కే ముందు ఎంకన్న, సివిల్ సంగతి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ నెల రోజులు గడిపాడు. సివిల్ పెళ్ళి రాసే ఆఫీసు ఫ్లాక్ బజారు పక్కనే. ఈశ్వరమ్మ చూసింది, చూసి ఊరుకుంది. కొడుకు కాబట్టి, మగాడు కాబట్టి, అంత తొందరేముందని తనే కోడలికి సర్ది చెప్పింది.

"నా కొడుకు చెడ్డోడు కాడు," అంది. "బద్ధకస్తుడు. ఇక్కడ బజారు దాకా ఎల్లనోడు అక్కడ మూడు నెలల్లో ఆపీసుకి ఎల్తాడా? నిన్ను ఓడలో తిప్పి పంపేస్తే నాను ఏ మొకంతో చూస్తాను మా ఫి?"

మా ఫి అంటే నా కూతురా అని. దీవి జనం మాట్లాడే క్రియోల్‌లో ఆ మాట ఆమె మేకతో, పక్కింటి పిల్లలతో అనేది, కోడలితో ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆమె లేచి చేతులు కడుక్కుంది. పాపమ్మ వీపు వెనక నిలబడి, తాళి ముడి విప్పకుండా, తెంపకుండా, జడ తప్పించి తల మీదుగా తీసింది. పాపమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, ఎందుకంటే తాళి తీసెయ్యడం ఆమె అనుకున్నంత బరువుగా లేదు. ఈశ్వరమ్మ దాన్ని అప్పన్న పటం ముందు పెట్టి, రేపు పోర్ లూయీ వద్దు, మోనిక్ దగ్గరికి వెళ్ళు అంది.

"నీ కొడుక్కేటి చెప్తావు అత్తా?"

"పెళ్ళి కావాలంటే ఎల్లి నిన్నే అడగమంటాను."

పాపమ్మ పీట మీంచి లేచి వాకిట్లోకి దిగింది. నీళ్ళు చల్లగా తగిలాయి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి.

సన్యాసి ఈశ్వరమ్మతో మూడు వారాలు మాట్లాడలేదు. వర్షాలు మొదలయ్యేలోపు పాపమ్మ ఫ్రెంచి ఓడ ఎక్కింది. మర్నాటి నుంచి సముద్రం ఆ ఇంటికి రావడం మానేసింది, ఈశ్వరమ్మ వాకిట్లో మళ్ళీ బెండ విత్తనాలు వేసింది.

ఇంగ్లండులో ఆ హాస్టలుకి, నర్సు పిల్లల్ని కనిపెట్టి చూసే మేట్రను ఒకావిడ ఉండేది. ఆదివారాలు మాత్రమే, ముందు గదిలో మాత్రమే, తలుపు తీసి ఉంచితేనే మగవాళ్ళు వచ్చి మాట్లాడొచ్చు. మూడో ఆదివారం నూనె రాసి దువ్విన తలతో, కొత్త టైతో ఒక మనిషి వచ్చి, మిస్ పాపమ్మని చూడాలని అనుమతి అడిగాడు. అతను కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అక్కడి చలి గురించి మాట్లాడాడు, బస్సుల గురించి మాట్లాడాడు, కప్పులో టీ చల్లారిపోయింది. వచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట కొట్టే వేళకి లేచి నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఏడేళ్ళ కిందట అప్పన్న ముందు తాళి కట్టేటప్పుడు ఆ మాట అతను అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు.

పాపమ్మ ఆలోచించి చెప్తానంది.